కొండ మీది ఇల్లు - కౌన్సిలు తీర్మానం

ఇళ్లస్థలాల సమస్య మీద మనవాళ్లు రాసే కథల్లో మునిసిపల్ కౌన్సిలు సమావేశం ఒకటి తరచుగా కనిపిస్తుంది. లంచం తిన్న సభ్యుడు, బల్లగుద్దే ప్రతిపక్షం, చేతులెత్తి ఆమోదం, మర్నాడు గుడిసెల మీద బుల్డోజరు. ఈ చిత్రణ అబద్ధమేమీ కాదు. కాని కొండవాలు మీది ఇళ్ల విషయంలో కౌన్సిలు చేతులెత్తే నాటికి అసలు నిర్ణయం వేరేచోట ఏనాడో జరిగిపోయి ఉంటుంది. ఆ చోటేదో, అది ఏ మాటల్లో జరుగుతుందో తెలియని రచయిత ఒక దుర్మార్గుణ్ణి చూపగలడు గాని వ్యవస్థను చూపలేడు.

విజయవాడను తీసుకుందాం. 1888లో మునిసిపాలిటీ, 1981లో కార్పొరేషన్ అయిన ఆ నగరంలో ఇంద్రకీలాద్రి, గుణదల, మాచవరం, మొగల్రాజపురం, విద్యాధరపురం కొండల మీద హమాలీలు, రిక్షా కార్మికులు, ఇళ్లలో పాచిపని చేసే స్త్రీలు దశాబ్దాలుగా కాపురముంటున్నారు. కింద గజం స్థలం కొనలేనివాడు పైకెక్కాడు. రెవెన్యూ దస్తరంలో ఆ నేల కొండ పోరంబోకు. కార్పొరేషన్ దస్తరంలో అదే నేల ఒక వార్డు: ఇంటి నంబరు, ఓటర్ల జాబితా, పన్ను. వామపక్షాల ఆందోళనలు, ఎన్నికల అవసరాలు కలిసి మెట్లు వచ్చాయి, కుళాయిలు వచ్చాయి, వీధిదీపాలు, అడ్డుగోడలు వచ్చాయి. వీటన్నిటికీ కౌన్సిలు తీర్మానాలున్నాయి. ఇంటికి మాత్రం లేదు. చేసే అధికారం కౌన్సిలుకు లేదు. భూమి రెవెన్యూ శాఖది. పన్ను కట్టిన రసీదు హక్కుపత్రం కాదు. అంటే మెట్టు చట్టబద్ధం, ఆ మెట్టు చేరే గడప ఆక్రమణ.

2024 ఆగస్టు 31న కుండపోత వానలో మొగల్రాజపురం సున్నపుబట్టీల సెంటరు దగ్గర కొండరాళ్లు ఇళ్ల మీద పడి పలువురు మరణించారు. మర్నాటికి బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. ఎత్తయిన చోట ఉన్నవాడు, పల్లంలో ఉన్నవాడు ఒకే వానకు దెబ్బతిన్నారు; ఇద్దరూ మిగిలిన నేలకు నెట్టబడినవారే. కొండ దానంతటది కూలదు. ఇంటికి చదును కావాలంటే వాలును నిట్టనిలువుగా కోయాలి. కోసినచోట శిథిలమైన రాయి బయటపడుతుంది. వాన నీరూ, దారి లేని వాడకపు నీరూ పగుళ్లలోకి ఇంకి, రాతిని పట్టి ఉంచిన మట్టిని వదులుచేస్తాయి. పై ఇంటివాడి మరుగుదొడ్డి గుంట కింది ఇంటివాడికి ప్రమాదమవుతుంది. అందుచేత పేదవాణ్ణి కొండ మీదే ఉంచమనడం దానంతటదే ప్రగతిశీలమైపోదు. రాయికి వర్గ దృక్పథం లేదు. అడగవలసింది వేరే: ఖాళీ చేయించి ఎక్కడికి పంపుతారు, కూలి దొరికే చోటికి అది ఎన్ని మైళ్లు, ఆ సంగతి ఎవరినడిగి నిర్ణయించారు? బొంబాయి పేవ్‌మెంటు వాసుల కేసులో 1985లో సుప్రీంకోర్టు జీవనోపాధి హక్కు జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. చెబుతూనే, తగిన నోటీసు ఇచ్చి తొలగించవచ్చునని కూడా అన్నది. మనవాళ్లు మొదటి సగాన్నే ఉదహరిస్తుంటారు.

ఇదే కొండ హైదరాబాదులో మరొక పేరుతో పిలవబడింది. మెహదీ నవాజ్ జంగ్ వంటి నిజాం అధికారులు మొదట ఇళ్లు కట్టుకున్న బంజారాహిల్స్, తర్వాత సహకార గృహనిర్మాణ సంఘం పేరుతో వెలసిన జూబిలీహిల్స్ కూడా గుట్టలే. అక్కడ రాతిని పేల్చి చదును చేస్తే దాని పేరు అభివృద్ధి. 1995లో చేర్చిన వారసత్వ సంరక్షణ నిబంధన కింద కొన్ని శిలలకు రక్షణ దొరికింది. 2015లో ఆ నిబంధననే తొలగించారు. చేర్చిందీ తొలగించిందీ రాష్ట్ర ప్రభుత్వమే, నగర కౌన్సిలు కాదు.

ఇక్కడే 74వ రాజ్యాంగ సవరణ సంగతి చెప్పాలి. 1993లో అమలులోకి వచ్చిన ఈ సవరణ 12వ షెడ్యూలులో 18 అంశాలు పేర్కొన్నది. మొదటిదే పట్టణ ప్రణాళిక. మురికివాడల మెరుగుదల కూడా ఉంది. కాని వాటిని అప్పగించడం, మానడం రాష్ట్రం ఇష్టానికి వదిలింది. మాస్టర్ ప్లాన్‌లో జోన్ మార్చేది ప్రభుత్వ ఉత్తర్వు. తెలంగాణలో 2019 మునిసిపాలిటీల చట్టం లేఅవుట్ల అనుమతిని కలెక్టరు అధ్యక్షతన గల కమిటీకి అప్పగించింది. ఆక్రమిత ప్రభుత్వ భూమిలో 125 గజాల లోపు పేదల ఇళ్లకు ఉచిత క్రమబద్ధీకరణ అన్న 2014 నాటి 58వ జీవో కూడా సచివాలయం నుంచి వచ్చిందే. కౌన్సిలుకు మిగిలింది మెట్లు, మోరీలు, తిట్లు.

మా నిజామాబాదు, బోధన్ ప్రాంతానికి వస్తే కథ తలకిందులవుతుంది. 1937లో స్థాపించిన నిజాం చక్కెర కర్మాగారం 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి పోయి 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు తోటలు కుంచించుకుపోయాయి. పట్టణాల అంచున పొలాలు ప్లాట్లయ్యాయి. నల్లరేగడిలో ఇల్లు నిలవాలంటే, బాటలు పడాలంటే మొరం పోయాలి. మొరం ఎక్కడిది? గుట్టది. ఇక్కడ ఇల్లు గుట్ట మీదికి ఎక్కదు. గుట్టే టిప్పరెక్కి ఇంటి కిందికి వస్తుంది. పహాణీలో 'ఖారిజ్ ఖాతా' అని, అంటే ఎవరి ఖాతాలోనూ చేరనిదని, రాసి ఉన్న గుట్ట అనేకమంది ఖాతాల్లో జమ అవుతుంది. దీని మీద మనకు ఎన్ని కథలున్నాయి?

సాహిత్య విద్యార్థులు తీర్మానాల పుస్తకాన్ని ఒక వచనంగా చదవాలి. 'ఆమోదించడమైనది', 'తొలగించుటకు నిశ్చయించడమైనది'. తెలుగులో కర్తను మాయం చేయడానికి ఇంతకంటె పనికొచ్చే క్రియారూపం లేదు. తీర్మానంలో కర్త దొరకదు గనుక దానికి ముందుండే అజెండా నోట్ చూడాలి. దరఖాస్తు ఎవరిది, సర్వే నంబరు ఏమిటి, జోన్ ఎప్పుడు మారింది, ఏ శాఖ నిరభ్యంతర పత్రం ఇచ్చింది అన్నవి అక్కడుంటాయి. ఆ కాగితానికి పక్కన పహాణీ నకలు, మాస్టర్ ప్లాన్ పటం పెట్టుకుంటే పాత్రలు వాటంతటవే బయటికొస్తాయి. నిజామాబాదు ఖిల్లా గుట్ట మీది జైలులో బందీలుగా ఉన్న దాశరథి, వట్టికోట ఆళ్వారుస్వామి తమను బంధించింది ఎదురుగా కనిపించే జైలు జవాను కాదని ఎరుగుదురు. ఇవాళ కౌన్సిలరును చూసి కథ ముగించే మనం ఆ గుట్ట కిందనుంచే పోతుంటాం.