పరీక్షలూ - పొట్టా

ఆ మధ్య మార్చిలో ఓ సాయంత్రం మా మేనల్లుడు హాస్టలు నుంచి ఊడిపడ్డాడు. ఇంటర్మీడియెట్ రెండో సంవత్సరం. పరీక్షలింకా పది రోజులుండగా, "మామయ్యా, కడుపులో మళ్ళీ మెలిపెడుతోంది," అంటూ పొట్ట పట్టుకుని కూర్చున్నాడు. మా ఆవిడ వాము నమిలించింది. మా అమ్మ దిష్టి తీసింది. నేను మాత్రం, "చదువు ఎగ్గొట్టడానికి వేషాలు," అన్నాను. వాడు మారు మాట్లాడలేదు. ఆ రాత్రి అయిదుసార్లు లేచాడు.

మర్నాడు డాక్టరుగారు జ్వరం, నెత్తురు పడడం, బరువు తగ్గడం లాంటివేవీ లేవని రూఢి చేసుకుని, "సెలవుల్లో ఈ నొప్పి వస్తుందా, నాయనా?" అని అడిగారు. రాదట. నా మాటే నెగ్గిందనుకుని నేను మీసం దువ్వబోయేలోగా, ఆయన నావంక తిరిగి, "నొప్పి నిజమైనదేనండీ," అన్నారు.

పేగుల గోడల్లో కోట్లకొద్దీ నాడీకణాలున్నాయి. వాటికీ మెదడుకీ ఎడతెగని రాకపోకలు. మనసు కంగారు పడితే జీర్ణాశయం నెమ్మదిస్తుంది, పెద్దపేగు తొందరపడుతుంది. వాల్టర్ కానన్ అనే ఆయన హార్వర్డులో వైద్యవిద్యార్థిగా ఉన్నప్పుడే, పిల్లి బెదిరితే దాని జీర్ణాశయంలో కదలిక ఆగిపోవడం ఎక్స్-రేలలో చూసి 1898లో ప్రకటించాడు. పిల్లికే అలా ఉంటే, ర్యాంకుల పిల్లాడి మాటేమిటి?

తిండి సంగతి అడిగితే వాడు నసిగాడు. తెల్లవారుజామున ఉత్త టీ, మధ్యాహ్నం గబగబా పచ్చడన్నం, సాయంత్రం బజ్జీలు, రాత్రి ప్యాకెట్టు నూడిల్సు. కూరముక్క కంటికి కనిపించదు. పెద్దపేగులోని సూక్ష్మజీవులు పీచు తిని, పేగు గోడకు కావలసిన పోషణ తయారుచేస్తాయి. వాటిని పస్తుంచితే ఎలా? ఆకుకూర, పెసలు, జామకాయ తినమన్నారు. ఒక్కసారిగా మాత్రం వద్దు, పొట్ట ఉబ్బుతుంది. (మా ఆవిడ ఆ పూటే చిక్కుడుకాయ కూర గిన్నెడు పెట్టింది. ఫలితం చెప్పనక్కరలేదు.)

రోజూ అరగంట నడక కూడా రాశారు. నడిస్తే పేగులూ కదులుతాయి, మనసూ తేలికపడుతుంది. తోడుగా నేనూ కాలవగట్టుకు బయలుదేరాను. మూడోనాడు వాడు ఉన్నట్టుండి, "నాన్న నా ఫీజుకి అరెకరం తాకట్టు పెట్టారు, మామయ్యా. ర్యాంకు రాకపోతే?" అన్నాడు.

బావ ఆ సంగతి నాకే చెప్పలేదు. ఆ రాత్రే ఫోను చేశాను. ఆదివారం వచ్చాడు. తండ్రీ కొడుకులు గట్టుమీద చీకటిపడేదాకా తిరిగారు. ఏం మాట్లాడుకున్నారో నేనడగలేదు.

మొదటి పరీక్షనాడు పొద్దున్న కాస్త మెలిపెట్టిందిట. అయినా రెండిడ్లీలు తిని వెళ్ళాడు.