కమిషను లేని మాట

మా అమ్మమ్మ పోయి ఏడాది తిరగకముందే రాజపాళయం నుంచి మా పెద్దమామయ్యకు ఒక బ్రోకరు ఫోన్ చేశాడు. తాతగారి ఇంటికి ధర పలికాడు. కొనేవాళ్ళు సిద్ధంగా ఉన్నారనీ, పొంగల్ లోపు సంతకాలైపోతే అందరికీ మంచిదనీ చెప్పాడు. ఆ రాత్రే చెన్నై, హైదరాబాదు, న్యూజెర్సీ, మెల్‌బోర్న్ ఒకే వీడియో కాల్‌లోకి వచ్చాయి. గంటన్నర మాట్లాడుకున్నాం, అంతా ధర గురించే. అమ్మాలా వద్దా అన్న మాట ఎవరి నోటా రాలేదు.

ఆ మాట అడగడమే వృత్తిగా బతికేవాళ్ళు ప్రపంచంలో ఉన్నారు. వాళ్ళను రియల్ ఎస్టేట్ కౌన్సెలర్లు అంటారు. ఊరు వదిలి వచ్చిన మనలాంటి కుటుంబాలకు ఇవాళ వాళ్ళ అవసరం ఎంత ఉందో మా ఇంటి సంగతితో చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

తమిళనాడులో పడమటి కనుమల పాదాల దగ్గరున్న రాజపాళయానికి రాజు కులపు తెలుగువాళ్ళు విజయనగర కాలపు వలసల్లో చేరారు. శతాబ్దాలు గడిచినా ఇంట్లో మాట తెలుగే. రాత మాత్రం తమిళం. దస్తావేజు తమిళం, పట్టా తమిళం, ఇ.సి.ని (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌ను) అందరూ పిలిచేది విల్లంగమనే. మా తరంలో చాలామందికి ఆ తమిళం చదవడం వచ్చు. విదేశాల్లో పెరిగిన మా పిల్లలకు తెలుగు వినడం వచ్చు గానీ, తాతగారి ఇంటి కాగితం చేతికిస్తే ఒక్క అక్షరం చదవలేరు. రేపు ఆ ఇంటికి వారసులు వాళ్ళే.

ఒకప్పుడు ఇలాంటి విషయానికి ఊళ్ళోనే పెద్దలుండేవారు. పంపకాలైనా, తోట అమ్మకమైనా, మిల్లు షేర్లయినా వాళ్ళ అరుగు మీదే తేలేవి. 1936లో పి.ఎ.సి. రామసామి రాజా రాజపాళయం మిల్స్ మొదలుపెట్టారు. అలాంటి సంస్థలు నిలబడ్డ ఊళ్ళో సొమ్ము విషయంలో మనిషి మాటకు ఎంత విలువ ఉండేదో మా తాతగారు తరచూ చెప్పేవారు. 1949 నుంచి 1952 వరకు మద్రాసు ప్రభుత్వానికి నాయకత్వం వహించిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఈ ఊరివారే. ఆయన తన సొంత ఇంటినే గాంధీ కళా మన్రం అనే సంస్థకు ఇచ్చేశారు. ఆ తరం పెద్దల మాట చెల్లిందంటే, చెప్పినదానివల్ల తమకు ఒరిగేదేమీ లేదని ఊరందరికీ తెలియడమే కారణమని నా నమ్మకం. వాళ్ళు పోయారు. అరుగులూ పోయాయి. తోబుట్టువులు తలో చోట ఉన్న ఇంటికి ఇప్పుడు తీర్పరి ఎవరు?

అమెరికాలో మొదట చెప్పిన ఈ కౌన్సెలర్లకు 1953లోనే ఒక సంఘం ఏర్పడింది. ఇప్పుడు దాని పేరు ది కౌన్సెలర్స్ ఆఫ్ రియల్ ఎస్టేట్, కేంద్రం చికాగో. సభ్యత్వం అడిగినవారందరికీ దొరకదు. ఈ రంగంలో ఏళ్ళ తరబడి పనిచేసి పేరు తెచ్చుకున్నవారికే ఇస్తారు. అప్పుడే పేరు పక్కన సి.ఆర్.ఇ. అని రాసుకోవచ్చు. 1976 నుంచి వాళ్ళకు ‘రియల్ ఎస్టేట్ ఇష్యూస్’ అనే పత్రిక కూడా ఉంది. ఈ వృత్తికి మూలసూత్రం ఒకటే: సలహా ఇచ్చేవాడికి ఫలితంలో వాటా ఉండకూడదు. ఫీజు ముందే మాట్లాడుకుంటారు. మీరు అమ్మినా, అట్టే పెట్టుకున్నా, అద్దెకిచ్చినా ఆయనకు ముట్టేది అంతే.

మన దేశంలో ఈ పనికి విడిగా లైసెన్సు లేదు. 2016 నాటి రెరా చట్టం ఏజెంట్లను నమోదు చేయిస్తుంది. 2017 నిబంధనల కింద భూమి, భవనాల వాల్యూయర్లు నమోదవుతారు. లాయర్లు ఎటూ ఉన్నారు. ముగ్గురూ కావలసినవాళ్ళే. అయితే కొనేవాడెవరో బ్రోకరు చెబుతాడు, విలువెంతో వాల్యూయర్ చెబుతాడు, హక్కుందో లేదో లాయరు చెబుతాడు. ఈ మూడూ కలిపి చూసి ‘ఇక ఈ కుటుంబం ఏం చేస్తే బాగుంటుంది’ అని ఆలోచించే మనిషిని మనమే వెతుక్కోవాలి.

మాకు అలా దొరికినాయన బ్యాంకులో ఆస్తి తనఖాల విభాగంలో పనిచేసి రిటైరై మదురైలో ఉంటున్నారు. ఇల్లు చూడడానికి రాకముందే ఐదుగురు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళతో విడివిడిగా ఫోన్‌లో మాట్లాడారు. డబ్బు ఎందుకు కావాలి, ఎప్పటికి కావాలి, అసలు కావాలా అని అడిగారు. భర్త పోయాక ఆ ఇంట్లోనే ఉంటున్న మా పెద్దమ్మను మాత్రం, “మీరు ఎక్కడ ఉండాలనుకుంటున్నారమ్మా?” అని అడిగారట. మా వీడియో కాల్‌లో ఆమె ప్రస్తావనే రాలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది.

తర్వాత కాగితాలు పట్టుకున్నారు. పట్టా ఇంకా తాతగారి పేరు మీదే ఉంది. దస్తావేజులో పాత సర్వే నంబరుంటే, టౌన్ సర్వే తర్వాతి రికార్డులో వేరే నంబరుంది. రెండూ ఒకే స్థలానివని తేల్చే కాగితం ఇంట్లో లేదు. ఇక అసలు చిక్కు ఆడపిల్లల వాటా. తమిళనాడు 1989లో తెచ్చిన సవరణ ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు పుట్టుకతో హక్కునిచ్చింది గానీ, అప్పటికే పెళ్ళయినవాళ్ళను మినహాయించింది. మా అమ్మకూ పెద్దమ్మకూ అంతకు ముందే పెళ్ళయింది కాబట్టి వాటా రాదని ఇంట్లో అందరం, వాళ్ళతో సహా, అనుకుంటూ వచ్చాం. ఆయన మూలపత్రం తెరిచి చూపించారు. ఇల్లు తాతగారి స్వార్జితం. వీలునామా రాయకుండా పోయారు. అలాంటప్పుడు 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుకులతో సమానంగా కూతుళ్ళకూ వస్తుంది, పెళ్ళి ఎప్పుడైందన్నది లెక్కలోకే రాదు. ఉమ్మడి ఆస్తి సంగతి కూడా 2005 కేంద్ర సవరణతోనూ, 2020 సుప్రీంకోర్టు తీర్పుతోనూ ఎంతో మారింది. బ్రోకరు తెచ్చిన ముసాయిదాలో మా అమ్మ పేరు, పెద్దమ్మ పేరు సాక్షుల వరసలో ఉన్నాయి!

విదేశంలో ఉన్నవాళ్ళకు ఆయన చెప్పిన సంగతులు వేరు. మెల్‌బోర్న్ మామయ్య పవర్ ఆఫ్ అటార్నీ పంపాలంటే అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించాలి, లేదా నోటరీ చేయించి అపోస్టిల్ వేయించాలి. అది ఇండియా చేరిన మూడు నెలల్లో స్టాంపు వేయించాలి. ఒకే ఇల్లు అమ్మినా, ఎన్నారై వాటా నుంచి కొనేవాడు పట్టుకునే పన్ను ఇక్కడున్నవాళ్ళ వాటా మీద పట్టేదానికంటే చాలా ఎక్కువ. తక్కువ పట్టేలా సర్టిఫికెట్ కోసం ముందే దరఖాస్తు చేసుకోవచ్చు, అమ్మకం అయ్యాక ఆ దారి మూసుకుపోతుంది. ఎన్.ఆర్.ఓ. ఖాతా నుంచి ఏడాదికి 10 లక్షల డాలర్ల వరకే బయటికి పంపవచ్చు. ఎన్నారైలు వ్యవసాయ భూమి కొనకూడదు. వారసత్వంగా వచ్చింది ఉంచుకోవచ్చు, అమ్మితే ఇక్కడ నివసించే భారతీయుడికే అమ్మాలి. కొండ కింద మామిడితోటలున్న కుటుంబాలు ఈ చివరి మాట గుర్తుంచుకోవాలి.

తోటల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. తిరుమంగళం నుంచి రాజపాళయం దాకా జాతీయ రహదారిని నాలుగు వరసలుగా వెడల్పు చేసే పనితో చుట్టుపక్కల ప్లాట్ల బోర్డులు లేచాయి. తమిళనాడులో అనుమతి లేని లేఔట్లకు 2016 అక్టోబరు 20 ఒక గీత. అంతకు ముందు వేసినవాటికి 2017 నిబంధనల కింద క్రమబద్ధీకరణ దారి చూపారు. అక్కడ ప్లాటు కొనేముందు రోడ్డు ఎంత దూరమని అడిగేకంటే ఆ లేఔటు ఏ తేదీదో అడగడం ముఖ్యం.

మాకు ఆయన ఇచ్చిన నివేదిక పదకొండు పేజీలు. మూడు దారులు చూపించారు. ఇప్పుడే అమ్మడం మొదటిది. హక్కులో లొసుగు ఉంది కాబట్టి కొనేవాడు ఎంత తగ్గిస్తాడో కూడా లెక్క వేశారు. కాగితాలు సరిచేసుకుని రెండేళ్ళ తర్వాత అమ్మడం రెండోది. వెనక భాగం పెద్దమ్మకు సెటిల్‌మెంట్ పత్రంతో రాసిచ్చి, వీధివైపు భాగం అద్దెకివ్వడం మూడోది. అమ్మకం పత్రమైతే స్టాంపు 7 శాతం, రిజిస్ట్రేషన్ 2 శాతం. కుటుంబంలో సెటిల్‌మెంట్‌కైతే అందులో చిన్న వంతే, దానికీ గరిష్ఠ పరిమితి ఉంది. ఏది ఎంచుకోవాలో తాను చెప్పనన్నారు. అది ఐదుగురూ కలిసి తేల్చుకోవాలన్నారు.

బ్రోకరు ఇంకా రెండుసార్లు ఫోన్ చేశాడు. చెడ్డవాడని నేననను. అమ్మితేనే అతనికి కూలి, అతని తొందరకు అదే కారణం. మేం మూడో దారికి ఒప్పుకున్నాం. టౌన్ సర్వే నంబరు తేలింది, పట్టా ఐదుగురి పేర్ల మీదికి మారింది. పెద్దమ్మ వెనక వసారా పైకప్పు బాగు చేయించుకుంటోంది. మెల్‌బోర్న్ నుంచి పవర్ ఇంకా రావాలి.