పేరు చెరిపినంత మాత్రాన అంతరం చెరుగుతుందా?

మనుషులంతా ఒక్కటేనని నోటితో అనడం సులభం. కాని ఒక సమాజం తరతరాలుగా వేసుకున్న జాతి ముద్రలను వదిలించుకోవడం అంత సులభం కాదు. అమెరికా చరిత్ర ఇందుకు గొప్ప నిదర్శనం.

1790లో ఆ దేశపు మొదటి జనగణన తెల్లవారిని, ఇతర స్వతంత్రులను, బానిసలను వేర్వేరుగా లెక్కించింది. ఆ ఏడాదే వచ్చిన చట్టం వలస వచ్చినవారిలో స్వతంత్రులైన తెల్లవారికే పౌరసత్వార్హత కల్పించింది. పంజాబీ సిక్కు అయిన భగత్ సింగ్ థింద్ తెల్లవాడు కాడని 1923లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1920, 1930, 1940 జనగణనల్లో భారతీయులకు పెట్టిన జాతి పేరు ‘హిందూ’. ముస్లిమైనా, సిక్కైనా ఆ గడిలోనే చేరాడు! ముద్ర వేసేవారికి మనిషి ఎవరన్నది అక్కరలేదు, గడి నిండితే చాలు.

మరి ఆ గడులను తుడిచివేస్తే సరిపోదా? 1964 నాటి పౌరహక్కుల చట్టం ఉద్యోగాలలో, బహిరంగ స్థలాలలో వర్ణవివక్షను నిషేధించింది. అది అమలవుతున్నదో లేదో తెలియాలంటే నల్లవారెందరికి ఉద్యోగాలు దక్కాయో లెక్కచూడాలి. లెక్కకు మళ్లీ ఆ పేరే కావాలి. చిక్కుముడి ఇక్కడే ఉంది.

మాల్కం ఎక్స్ ఈ రెండు వైపులనూ గ్రహించాడు. 1964లో హజ్ యాత్రలో అన్ని వర్ణాలవారితో కలిసి మెలిగాక, తెల్లవారందరినీ వర్ణాన్నిబట్టి దోషులుగా చూసే తన పాత అభిప్రాయాన్ని విడిచిపెట్టాడు. అయినా స్వదేశానికి తిరిగి వచ్చి, ఆ జూన్‌లోనే నల్లవారి హక్కుల కోసం ప్రత్యేక సంస్థను స్థాపించాడు. ద్వేషాన్ని వదలడం వేరు, అన్యాయాన్ని లెక్కించడం మానడం వేరు.

ఈ చిక్కు మనకూ ఉన్నది. విశాఖపట్నంలోని కంచరపాలెం పేరులోనే కంచరి అనే వృత్తి వినిపిస్తుంది. అటువంటి పేటలో మసీదులో ఒకే వరుసలో నిలిచే షేక్, సయ్యద్, నూర్‌బాషా సోదరులు తహసీల్దారు కార్యాలయంలో మూడు గడుల వారవుతారు. దూదేకుల లేక నూర్‌బాషా వర్గం బీసీ-బి జాబితాలో ఉంది. 2007 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం షేక్, ఖురైషీ, సిద్దీ మొదలైన వెనుకబడిన ముస్లిం వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ కల్పించింది. సయ్యద్, మొగల్, పఠాన్‌లను మినహాయించింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దానిని కొట్టివేయగా, మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో 14 వర్గాలకు అది కొనసాగింది.

దూదేకుల అన్న పేరు పెళ్లి సంబంధాల వద్ద చిన్నచూపు తెచ్చిపెడుతుంది. పిల్లవాడి చదువు వద్ద అదే పేరు ఆసరా అవుతుంది. ఇందులో తప్పు ధ్రువపత్రానిది కాదు, చిన్నచూపుది.

దివ్యఖుర్‌ఆన్‌లోని హుజురాత్ సూరా 13వ ఆయతు జాతులు, తెగలు పరస్పర పరిచయానికేనని, ఔన్నత్యానికి కొలమానం దైవభీతేనని బోధిస్తుంది. అంటే పేరు ఉండటం దోషం కాదు, పేరునుబట్టి హెచ్చుతగ్గులు కట్టడం దోషం. పెళ్లిలో, పంక్తిలో, మసీదు కమిటీలో అంతరాన్ని అలాగే ఉంచి, కాగితం మీద పేరును మాత్రం కొట్టివేస్తే అన్యాయం కంటికి కనబడకుండా పోతుందే తప్ప తొలగిపోదు. సయ్యద్ ఇంటి పిల్లను నూర్‌బాషా ఇంటికి ఇవ్వడం ఎవరికీ వింతగా తోచని నాడు ఆ గడి అవసరం దానంతట అదే తీరిపోతుంది.