న్యూట్రాను తాకిడికి సూక్ష్మస్ఫటిక లోహముల ఓర్పు

లోహము కంటికి ఏకఖండమువలె కనబడును గాని, అది అసంఖ్యాకములైన స్ఫటికముల కూర్పు. ఒక్కొక్క స్ఫటికములో పరమాణువులు వరుసలు దీరియుండును. ఒకదాని వరుసలు పొరుగుదాని వరుసలతో కలియవు. అవి తారసిల్లు పొరకు స్ఫటికసీమయని పేరు. భోకరు చేలలో సాళ్లు ఒక్కొక్క చేనిలో నొక్కొక్క దిక్కునకు సాగి గట్టుకడ ఆగునట్లే దీనిని భావింపవచ్చును. అన్నదమ్ములు పంచుకొన్నకొలది చేలు చిన్నవై గట్లు పెరుగును. రైతునకది నష్టమే; అణు రియాక్టరులోని లోహమునకు మాత్రము లాభము కాగలదని శాస్త్రజ్ఞుల యాశ.

రియాక్టరులో ఇంధనము భేదిల్లగా వెలువడు న్యూట్రానులు ఇంధనపు గొట్టము గోడను నిరంతరము తాకుచుండును. వేగముగల న్యూట్రాను ఒక ఇనుప పరమాణువును బలముగా కొట్టెనా, అది స్థానభ్రష్టమై తన దారిలోని వందలకొలది పరమాణువులను తొలగించును. తొలగినది వరుసల నడుమ ఇరుకున దూరును. విడిచిన చోటు ఖాళీయగును. వీనిలో పెక్కు రెప్పపాటునకు ముందే సర్దుకొనును. మిగిలినవే చిక్కు తెచ్చును. ఇరుకున దూరిన పరమాణువులు చురుకుగా కదలి, స్ఫటికములో వరుస తప్పిన చోట్లకు చేరును. ఖాళీలు వెనుకబడి, గుమిగూడి, బొరియలగును. లోహము ఉబ్బును. ఇట్టి బొరియలను స్కాట్లండులోని డౌన్‌రే వేగ రియాక్టరులో నుంచిన ఉక్కునందు కనుగొని, కాథోర్న్, ఫుల్టన్ అనువారు 1967లో ప్రకటించిరి. ఇంధనములో శక్తి మిగిలియుండగనే, గొట్టము ఉబ్బినదని తీసివేయవలసివచ్చుట దీని ఫలము.

స్ఫటికసీమ ఈ రెండు విధముల దోషములను మ్రింగును. మిల్లీమీటరులో పదిలక్షవ వంతు నానోమీటరు. స్ఫటికము 50 మైక్రోమీటర్లనుండి 50 నానోమీటర్లకు దిగినచో, అదే ఘనపరిమాణములో సీమల వైశాల్యము వేయిరెట్లగును. 2010లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలవారు గణనయంత్రముపై మరియొక విశేషము చూపిరి. సీమ తాను పట్టిన పరమాణువులను, సమీపమున ఖాళీ యున్నచో, దానిలోనికి మరల విడుచునట. దారితప్పిన పశువును బందెలదొడ్డిలో నుంచి యజమానికి అప్పగించినట్లున్నది!

అయితే సూక్ష్మత్వమే దీని బలహీనత. వేడికి, తాకిడికి సీమలు కదలి, చిన్న స్ఫటికములు పెద్దవానిలో లీనమగును. వేగ రియాక్టరు గొట్టము 600 డిగ్రీల ప్రాంతపు వేడిలో నెలలు, ఏండ్లు నిలువవలెను. శుద్ధలోహపు నానోస్ఫటికములను నమ్ముకొన్న పని కాదు.

సీమలను నిలుపు ఉపాయమొకటి హైదరాబాదులో రూపుదాల్చినది. బాలాపూరులోని చూర్ణలోహ పరిశోధనాకేంద్రము, న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు, కల్పాక్కములోని ఇందిరాగాంధీ అణు పరిశోధనాకేంద్రము ఇందుకు కలిసి పనిచేసినవి. 9 శాతము క్రోమియముగల ఉక్కుపొడిలో 0.35 శాతము యిట్రియము ఆక్సైడు కలిపి, ఉక్కుగుండ్లున్న మరలో గంటలకొలది నూరుదురు. పిదప ఉక్కుడబ్బాలో మూసి, కాచి, ఒత్తి కడ్డీగా తీసి, గొట్టముగా సాగదీయుదురు. దీని స్ఫటికములు పైన చెప్పినంత చిన్నవి కావు. కాని కొన్ని నానోమీటర్ల ఆక్సైడు రేణువులు ఉక్కంతట చెదరి, సీమలను మేకులవలె పట్టియుంచును. రేణువుల అంచులును దోషములకు గట్లే. తాకిడివలన పుట్టు హీలియము అచ్చటనే చిన్న బుడగలుగా చిక్కుకొనుటచే, సీమలకు చేరి పెళుసుచేయుట తగ్గును.

గొట్టము సాగదీసినపుడు స్ఫటికములు పొడవుదిక్కున సాగి, చుట్టుదిక్కున బలము తగ్గును. లోపలి వాయువుల ఒత్తిడి ఎక్కువగా పడునది ఆ దిక్కుననే. 9 శాతము క్రోమియపు ఉక్కును కాచి చల్లార్చినచో స్ఫటికనిర్మాణమే మారి ఈ వంక తీరును. మూత అతుకుటలో చిక్కు వేరు. మామూలు వెల్డింగులో ఉక్కు కరుగగనే ఆక్సైడు రేణువులు ఒకచో గూడి పైకి తేలును. కావున కొనమూతను కరగింపక, విద్యుత్తుతో కాచి, ఒత్తిడిచే అతికింతురు.