పత్తికొండ కబురు - జెనీవా కట్టుబాటు

మద్రాసు రాజధాని గవర్నరు సర్ థామస్ మన్రో దత్తమండలాలలో పర్యటిస్తూ, 1827 జూలై 6వ తేదీన పత్తికొండలో కలరా సోకి మరణించాడు. ఆ కబురును చెన్నపట్నం చేర్చినవి తపాలా బంట్రోతుల కాళ్లు. లండను చేర్చినవి తెరచాప ఓడలు. నెలలు పట్టినది. ఆనాటి కబురుకు దారి, గాలి - ఈ రెండే శాసకులు.

తంతి వచ్చిన పిమ్మట శాసకులు మారారు. ఒక రాజ్యపు తీగ సరిహద్దు దగ్గర ఆగిపోతే, అక్కడి ఉద్యోగి కబురును కాగితంపై వ్రాసి అవతలివాని చేతికి అందించవలసి వచ్చేది. ఈ చిక్కును తీర్చుకొనడానికి 1865లో ఇరవై రాజ్యాలు పారిస్ నగరంలో సమావేశమై అంతర్జాతీయ తంతి సంఘాన్ని నెలకొల్పాయి. నేడు జెనీవాలో ఉన్న అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘానికి మూలం అదే. ఇండియా అందులో 1869లోనే సభ్యత్వం పొందినది. బ్రిటను 1871లో గాని చేరలేదు. అంతవరకు అక్కడి తంతి ప్రైవేటు కంపెనీల చేతిలో ఉండినది మరి! పాలితదేశం ముందు, పాలకదేశం వెనుక. వినడానికి ముచ్చటగానే ఉన్నది గాని, ఇండియా పేరిట ఆ కుర్చీలో కూర్చున్నవాడు దొరే.

సంఘం అంగీకరించిన మోర్స్ సంకేతాలు రోమను లిపికి కుదిరినవి. తెలుగువాడు తంతి ఇవ్వదలచుకొంటే తన మాటలను రోమను అక్షరాలలో పేర్చుకోవాలి, లేదా ఇంగ్లీషు వచ్చినవానిని ఆశ్రయించాలి. ఆ లిపిలో మన 'ళ'కు, 'ణ'కు చోటు లేదు. తంతి వచ్చినదనగానే ఇంట ఏడుపు మొదలయ్యేది; చదివి చెప్పే బడిపంతులు వచ్చేదాకా ఆగేది కాదు. 2013 జూలైలో మన దేశంలో ఆ సేవ ముగిసినది.

రేడియో తరంగానికి సరిహద్దు కాపలావాడు లేడు. రెండు కేంద్రాలు ఒకే చోట పలికితే రెండూ వినబడవు. అందుకే 1975లో జెనీవాలో జరిగిన సమావేశం ఐరోపా, ఆఫ్రికా, ఆసియా ఖండాల మధ్యతరంగ కేంద్రాలన్నిటికీ తొమ్మిదేసి కిలోహెర్ట్‌జ్‌ల ఎడం విధించినది. 1978 నవంబరు 23 నుంచి అది అమలులోకి వచ్చినది. ఉపాధ్యాయులు దీనిని తరగతిలో లెక్కగా ఇవ్వవచ్చు. ఆకాశవాణి కడప కేంద్రం సంఖ్య 900, విజయవాడ 837, హైదరాబాదు 738. ఏ సంఖ్యనైనా తొమ్మిది చేత భాగించండి, శేషం రాదు. పొలంగట్టున రైతు విన్న వ్యవసాయ కార్యక్రమానికి ఆ భాగహారమే దారి ఏర్పరచినది. ఈమారు మాత్రం భారతదేశం తన కుర్చీలో తానే కూర్చున్నది.

ఆ ఏడే ఆగస్టు 1న మరొక ప్రయోగం ఆరంభమైనది. అమెరికా వారి ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాలలోని 2400 గ్రామాలకు టెలివిజను పాఠాలు అందాయి. ఆంధ్రప్రదేశ్ పల్లెలలో తెలుగు వినిపించినది. దీనికి పూర్వరంగంగా యునెస్కో నిపుణులు 1967లో వచ్చి పరిశీలించి వెళ్లారు. అహమ్మదాబాదులోని భూకేంద్రం ఐక్యరాజ్యసమితి సాయంతో వెలసినది. కాని ఉపగ్రహం ఎరువు సొమ్ము. 1976 జూలై 31తో గడువు తీరినది, అది వెళ్లిపోయినది. మన ఇన్సాట్ 1-బి నింగికి ఎగసేవరకు, అంటే 1983 దాకా, వేచి ఉండవలసి వచ్చినది.

నేటి సెల్‌ఫోనులో 'ళ' 'ళ'గానే చేరుతున్నది. 1991లో యూనికోడ్ సంస్థ తెలుగుకు స్థానం కల్పించినది. భారత ప్రభుత్వం 1988లో సిద్ధం చేసిన సంకేతాలే అందుకు ఆధారం. అయితే ఒక భేదం గమనింపదగినది. జెనీవా సంఘంలో చిన్న దేశానికైనా పెద్ద దేశానికైనా ఓటు ఒక్కటే. యూనికోడ్ రాజ్యాల సంఘం కాదు. చందా చెల్లించిన సభ్యులది, వారిలో ప్రముఖులు అమెరికా కంపెనీలు. మన అక్షరాల వరుసను గురించిన నిర్ణయం అటువంటి చోట జరుగుతుండగా, తెలుగు పండితులు ఇక్కడ 'ఱ' ఉండవలెనా వలదా అని వాదించుకొంటూ ఉండడం నాకు కొంత చిత్రంగా తోస్తుంది.

పత్తికొండ టమాటా మార్కెట్టులో రైతు ఫోను అంకెకు ముందు నిలిచే 91 కూడా జెనీవా సంఘం పంచి ఇచ్చినదే. ధర కూలిన ఉదయం ఆ అంకె మీదనే కబురు ఊళ్లకు పరుగెత్తుతుంది. అప్పటికి పెట్టెలు బండి దిగి ఉండవు.