మోసేవాడి తిండి ఎవరు మోస్తారు?

నందాదేవి శిఖరం ఎత్తు 7,816 మీటర్లు. 1934 దాకా దాన్ని ఎక్కడం మాట అటుంచి, దాని పాదం దగ్గరికి చేరినవాళ్లే లేరు. గఢ్వాల్ హిమాలయాల్లో ఆ శిఖరం చుట్టూ సుమారు 110 కిలోమీటర్ల పొడవున కొండల వలయం కోటగోడలా నిలబడి ఉంది. ఆ గోడ మీద 21,000 అడుగులు దాటిన శిఖరాలే పన్నెండు. పడమటి వైపు ఒక్కచోట మాత్రం రిషిగంగ ఆ గోడను కోసుకుని బయటికొస్తుంది. ఆ ఒక్క సందు వదిలేస్తే, 17,000 అడుగులకు తక్కువ ఎత్తున లోపలికి దారే లేదు. హ్యూ రట్లెడ్జ్ అనే పర్వతారోహకుడు 1926, 1927, 1932లలో మూడుసార్లు ప్రయత్నించి వెనుదిరిగారు.

1934లో ఎరిక్ షిప్టన్, బిల్ టిల్మన్ అనే ఇద్దరు ఇంగ్లీషువాళ్లు ఆంగ్ థార్కే, పసాంగ్, కుసాంగ్ అనే ముగ్గురు షెర్పాలతో కలిసి ఆ సందులోంచే లోపలికి వెళ్లారు. సరుకుల ఓడలో చేసిన ప్రయాణంతో సహా, నెలల తరబడి సాగిన ఆ యాత్రకు ఇద్దరికీ కలిపి అయిన ఖర్చు 300 పౌండ్ల లోపే. ఆ రోజుల్లో పెద్ద యాత్రలకు వేలల్లో ఖర్చయ్యేది. వీళ్లు పొదుపరులు కాబట్టి అలా జరిగిందనుకుంటే సగమే అర్థమైనట్టు. మిగతా సగం తెలియాలంటే చిన్న లెక్క వెయ్యాలి.

ఒక పోర్టరు 25 కిలోలు మోస్తాడనుకుందాం. పిండి, పప్పు, నెయ్యి, కిరోసిన్ అన్నీ కలిపి అతనికి రోజుకు ఒక కిలో కావాలి. దారిలో ఊళ్లు లేవు, కొనడానికేమీ దొరకదు. బేస్ క్యాంపు అయిదు రోజుల నడక అయితే, వెళ్లడానికి అయిదు, రావడానికి అయిదు, మొత్తం పది కిలోలు అతని తిండికే పోతాయి. మన సామానుకు మిగిలేది 15 కిలోలు. 300 కిలోల సామాను చేర్చాలంటే 20 మంది చాలు. అదే పది రోజుల నడక అయితే మిగిలేది అయిదు కిలోలే, కాబట్టి 60 మంది కావాలి. కూలిరోజులు లెక్కగడితే మొదటిది 200, రెండోది 1,200. దూరం రెండింతలైతే ఖర్చు ఆరింతలైంది! ఇక పన్నెండున్నర రోజుల దూరమైతే పోర్టరు తన తిండి తప్ప మరేమీ మొయ్యలేడు. ఎంతమందిని పెట్టుకున్నా ఒక్క కిలో కూడా అవతలికి చేరదు.

కొండయాత్ర బడ్జెట్‌ను రోజులు ఇంటూ రోజుకూలి అని లెక్క వేసుకునేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. దారిలో ఒక్క ఊరు తగిలి అక్కడ పిండి దొరికినా లెక్క మారిపోతుంది. లదాఖ్‌లో గుర్రాలు, కంచరగాడిదలు మోస్తాయి. దారి పొడవునా పచ్చిక ఉంటే వాటి మేత మొయ్యనక్కర్లేదు. మంచునది మీదికి వెళ్లామా, మేత కూడా బరువే. అందుకే మ్యాపులో దగ్గరగా కనిపించే దారి కన్నా, ఊళ్లూ పచ్చికా ఉన్న చుట్టుదారి చాలాసార్లు చవక. మరో ఉపాయం సామాను తగ్గించుకోవడం. షిప్టన్, టిల్మన్ షెర్పాలు తిన్నదే తిన్నారు, వాళ్లతో సమానంగా మోశారు. 1963లో ఎవరెస్టుకు వెళ్లిన అమెరికా బృందానికి 900 మందికి పైగా పోర్టర్లు కావలసి వచ్చింది.

రిషిగంగ లోయలో ఆ అయిదుగురు పడ్డ పాట్లు చూస్తే దూరాన్ని కిలోమీటర్లలో కొలవడం ఎంత పొరపాటో తెలుస్తుంది. మంచు లోతుగా ఉందని కొందరు కూలీలు దారిలోనే వెనక్కి వెళ్లిపోతే, పశ్చిమ నేపాల్ నుంచి వచ్చిన దోటియాల్ కూలీలు ఆ బరువులు కూడా పంచుకుని మోశారు. వాళ్లను పంపేశాక మిగిలింది అయిదుగురు. కింద నది హోరు, పక్కన నిటారు రాతిగోడ. ఒకే దారిలో పదేపదే వెళ్లి వస్తూ బరువులు చేరవేశారు. చివరి నాలుగు మైళ్లకు తొమ్మిది రోజులు పట్టింది. లోపల అడుగుపెట్టి కొన్ని వారాలు తిరిగి బయటపడ్డారు. ఆ దారి తెలిసింది కాబట్టే 1936 ఆగస్టు 29న టిల్మన్, అతని సహచరుడు నోయెల్ ఓడెల్ నందాదేవి శిఖరం మీద నిలబడగలిగారు. నా దృష్టిలో శిఖరం ఎక్కడం కన్నా దారి కనిపెట్టడమే పెద్ద విజయం.

బరువు రోజులు తగ్గించమంటుంది. ఒళ్లు పెంచమంటుంది. సుమారు 5,500 మీటర్ల ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదాంట్లో సగం. ఆక్సిజన్ వాటా 21 శాతమే అయినా, ఒక్కో ఊపిరిలో అందేది సగమే. శరీరం ముందు ఊపిరి వేగం పెంచుతుంది. ఆ మార్పుకు తగ్గట్టు మూత్రపిండాలు రక్తంలోని బైకార్బొనేట్‌ను బయటికి పంపడానికి రోజులు పడుతుంది. ఎర్రకణాలు పెరగడానికి వారాలు కావాలి. అందుకే 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దని, మూడు నాలుగు రోజులకొకసారి ఆగమని వైద్యులు చెబుతారు. పగలు ఎంత ఎత్తు ఎక్కినా, కిందికొచ్చి పడుకోవడం మేలు.

ఈ సూత్రంతో మనవాళ్లు లదాఖ్ వెళ్లే దారి చూద్దాం. హైదరాబాద్ ఎత్తు సుమారు 540 మీటర్లు, లేహ్ 3,500. విమానంలో వెళితే నేరుగా ఆ ఎత్తున దిగుతాం కాబట్టి రెండు మూడు రోజులు కదలకుండా ఉండాలి. మనాలీ నుంచి రోడ్డు మీద వెళితే మెల్లగా అలవాటవుతుందని చాలామంది నమ్మకం. కానీ సుమారు 2,000 మీటర్ల మనాలీలో పొద్దున బయల్దేరి, రాత్రికి 4,300 మీటర్లకు చేరువలో ఉన్న సర్చూలో పడుకుంటే లేహ్‌కు ఎగిరినదాని కన్నా ఎక్కువ ఎత్తున పడుకున్నట్టే. రోడ్డు ప్రయాణం మంచిదే, మధ్యలో ఆగే రాత్రులు ఉంటే.

ఎవరెస్టుదీ ఇదే కథ. నేపాల్ వైపు లుక్లా నుంచి ఎనిమిది తొమ్మిది రోజులు నడవాలి, ఆ నడకలోనే ఒళ్లు అలవాటు పడుతుంది. టిబెట్ వైపు బేస్ క్యాంపు దాకా వాహనం వెళుతుంది. మోతకూలి మిగులుతుంది కానీ, ఆగాల్సిన రోజులు విడిగా కలుపుకోవాలి. నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న, పధ్నాలుగేళ్లు నిండకముందే, శిఖరం చేరింది ఆ టిబెట్ వైపు నుంచే. అదే ఏడాది ఏప్రిల్ 18న నేపాల్ వైపు ఖుంబూ ఐస్‌ఫాల్‌లో మంచుచరియలు విరిగిపడి 16 మంది నేపాలీ కార్మికులు చనిపోయారు. దారి ఎంచుకోవడంలో డబ్బు ఒక్కటే ప్రశ్న కాదు. డబ్బు సంగతికొస్తే, నేపాల్ వైపు పర్మిట్ ఫీజు 11,000 డాలర్లుండేది, 2025 సెప్టెంబరు నుంచి 15,000 అయింది.

లెక్కలో ఎవరూ రాసుకోని ఖర్చు నీళ్లది. సున్నా డిగ్రీల మంచును సున్నా డిగ్రీల నీరుగా మార్చడానికి అయ్యే వేడితో, అదే నీటిని 80 డిగ్రీల దాకా కాచవచ్చు. అంటే సెలయేరు లేని చోట గుడారం వేస్తే ఇంధనం రెండింతలు. పైగా 5,000 మీటర్ల దగ్గర నీళ్లు 83 డిగ్రీలకే మరుగుతాయి. గిన్నెలో కందిపప్పు గంటలు గడిచినా పలుకుగానే ఉంటుంది. స్టవ్ మాత్రం మండుతూనే ఉంటుంది. ప్రెషర్ కుక్కర్ బరువని ఇంట్లో వదిలి వెళ్లేవాళ్లు ఆ బరువును కిరోసిన్ రూపంలో మోస్తారు.

నందాదేవి లోపలి ప్రాంతాన్ని 1983లో మూసేశారు. కానీ తక్కిన శిఖరాలకు మన ఊళ్ల నుంచి ఏటా పిల్లలు వెళుతున్నారు, ప్యాకేజీలు చూసి రోజులు తక్కువున్నది చవకని ఎంచుకుంటున్నారు. ఆ తగ్గించిన రోజులు చాలాసార్లు ఆగాల్సిన రోజులే, వాతావరణం కోసం దాచుకోవాల్సిన రోజులే. అడ్వాన్సు కట్టేముందు రెండు కాగితాలు అడగండి: ఏ రాత్రి ఏ ఎత్తున పడుకుంటామో రాసిన పట్టిక ఒకటి, మీ సామాను మోసేవాళ్లకు కోటు, బూట్లు, బీమా ఎవరిస్తున్నారో రాసిన కాగితం ఒకటి. ఆ రెండూ ఇవ్వలేని వాళ్లతో కొండకు వెళ్లకండి.