కొల్లేరు పునరుద్ధరణ ప్రణాళిక: ప్రజాభాగస్వామ్యం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

చిత్తడినేలల పునరుద్ధరణకు ప్రజల భాగస్వామ్యం అవసరమన్న విషయంలో భేదాభిప్రాయం లేదు. అయితే ఆ భాగస్వామ్యం ఏ దశలో మొదలు కావాలి, ‘ప్రజలు’ అన్న మాటలో ఎవరెవరు చేరతారు అన్న రెండు ప్రశ్నలకు సమాధానం లేనిదే ఆ భావన ఆచరణకు రాదు. కొల్లేరు సరస్సు అనుభవం ఆధారంగా ఈ రెండు ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కొల్లేరు, చిత్తడినేల, కాంటూరు, లంక గ్రామాలు, మత్స్యకారులు, ప్రజాభాగస్వామ్యం.

1. ఉపోద్ఘాతం

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న సహజమైన పల్లంలో విస్తరించిన మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు మొదలైన ఏరులూ, డెల్టా మురుగుకాలువలూ మోసుకువచ్చే నీటిని ఇది తనలో నిలుపుకొని, ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతంలోకి వదులుతుంది. వరదనీటికి నిలవనీడగా, గూడబాతులు మొదలైన పక్షులకు ఆవాసంగా, లంక గ్రామాల ప్రజలకు జీవనాధారంగా ఇది ఏకకాలంలో మూడు పాత్రలు నిర్వహిస్తున్నది.

రాష్ట్ర ప్రభుత్వం 1999లో ఐదో కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు వరకు గల సుమారు 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద కొల్లేరుకు అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా గుర్తింపు లభించింది. అయితే ఈ రెండు ప్రకటనలు వెలువడేనాటికే సరస్సు గర్భంలో పెద్ద భాగం చేపల చెరువులుగా మారిపోయింది.

2. క్షీణతకు పూర్వరంగం

కొల్లేరు సమస్యను కేవలం ఆక్రమణల సమస్యగా చూడడం పరిపాటి. చరిత్ర అంత సరళమైనది కాదు. 1970వ దశకంలో మత్స్యకారుల సహకార సంఘాలకు సరస్సులో చెరువులు ఏర్పాటుచేయడాన్ని ప్రభుత్వమే ప్రోత్సహించింది. వలలతో, మావులతో, దోనెలపై సాగిన వేట స్థానంలో గట్లు కట్టిన చెరువులలో పెంపకం ప్రవేశించింది. పెంపకానికి పెట్టుబడి కావాలి. అది లేని సంఘాలు తమ చెరువులను బయటి పెట్టుబడిదారులకు లీజుకు ఇచ్చాయి. క్రమంగా సంఘం పేరు కాగితంపైనా, చెరువు మరొకరి చేతిలోనూ ఉండే పరిస్థితి ఏర్పడింది.

గట్లు పెరిగినకొద్దీ నీటి సహజ ప్రవాహానికి అడ్డంకులు పెరిగాయి. పట్టణాల మురుగు, పరిశ్రమల వ్యర్థాలు, పొలాల నుండి కొట్టుకువచ్చే ఎరువులు, పురుగుమందులు దీనికి తోడయ్యాయి. గుర్రపుడెక్క విస్తరించి కాలువలను కమ్మివేసింది. ఒకప్పుడు ప్రోత్సహించిన ప్రభుత్వమే తరువాత నేరంగా పరిగణించిందన్న భావన స్థానికులలో ఉండడానికి ఈ పూర్వరంగమే కారణం. ఆ భావనను పట్టించుకోని ప్రణాళిక మొదటి అడుగులోనే అవిశ్వాసాన్ని ఎదుర్కొంటుంది.

3. 2006 నాటి అనుభవం

న్యాయస్థానాల జోక్యంతో 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరిట ప్రభుత్వం అభయారణ్యం పరిధిలోని చెరువుల గట్లను భారీ యంత్రాలతో తొలగించింది. పర్యావరణ దృష్టితో ఇది అవసరమైన చర్య. అయితే గట్టు తెగిన మరునాటి నుండి అక్కడి కుటుంబాలు ఏ పనితో బతకాలన్న ప్రశ్నకు కూల్చివేతకు ముందే సమాధానం సిద్ధం కాలేదు. తరువాతి సంవత్సరాలలో చెరువులు పలుచోట్ల తిరిగి వెలిశాయి.

2008లో రాష్ట్ర శాసనసభ అభయారణ్యం హద్దును మూడో కాంటూరుకు కుదించాలని తీర్మానించింది. కేంద్ర ప్రభుత్వం నియమించిన అజీజ్ కమిటీ ఐదో కాంటూరునే కొనసాగించాలని సూచించింది. అప్పటినుండి కొల్లేరు చర్చ అంతా మూడు, ఐదు అన్న రెండు అంకెల చుట్టూ తిరుగుతున్నది. ఈ చర్చలో లంక గ్రామవాసి అర్జీదారుగానో, లబ్ధిదారుగానో, ఆక్రమణదారుగానో కనిపిస్తాడు. ప్రణాళికకర్తగా మాత్రం కనిపించడు.

4. ‘ప్రజలు’ ఎవరు?

కొల్లేటి ప్రజలందరి ప్రయోజనం ఒకటి కాదు. వేటపై ఆధారపడిన వడ్డి కులస్థులు, సొంత జిరాయితీ భూమి అభయారణ్యం హద్దులో చిక్కుకున్న రైతులు, చెరువులను లీజుకు తీసుకున్న పెట్టుబడిదారులు, ఆ చెరువులపై పనిచేసే భూమిలేని దళిత కూలీలు, చేపలు ఎండబెట్టి అమ్ముకునే స్త్రీలు – వీరందరూ సరస్సును వేరువేరు కోణాల నుండి చూస్తారు. గట్టు తొలగితే వేటగాడికి నీరు తిరిగి దక్కుతుంది. కూలీకి పని పోతుంది. హద్దు కుదిస్తే రైతుకు భూమి దక్కుతుంది. అయితే అదే నిర్ణయం పెద్ద చెరువుల యజమానికీ మార్గం సుగమం చేస్తుంది.

గ్రామసభలో అందరినీ ఒకేచోట కూర్చోబెట్టి అభిప్రాయం అడిగితే వినిపించేది బలవంతుల గొంతే. కాబట్టి ప్రతి వర్గంతోనూ విడివిడిగా మాట్లాడి, ఆ తరువాతనే ఉమ్మడి సభకు రావడం భాగస్వామ్యానికి తొలి నియమం కావాలి. సహకార సంఘం అధ్యక్షుని సంతకాన్ని మత్స్యకారులందరి సమ్మతిగా భావించడం సరికాదు.

5. చట్టం, భాష

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 21వ సెక్షన్ ప్రకారం అభయారణ్యం హద్దులను కలెక్టరు ప్రాంతీయభాషలో గ్రామగ్రామానా ప్రకటించాలి. హక్కులున్నవారు రెండు నెలల లోపల నిర్ణీత నమూనాలో లిఖితపూర్వకంగా తెలియజేసుకోవాలి. ప్రాంతీయభాషను చట్టం గుర్తించడం గమనార్హం. అయితే తెలుగులో ప్రకటించినంత మాత్రాన విషయం అర్థమైనట్లు కాదు. పట్టా ఉన్న రైతు హక్కు కాగితంపై ఉంటుంది. ఫలానా కాలువలో ఫలానా ఋతువులో మావు పెట్టుకునే వేటగాని హక్కు వాడుకలోనే ఉంటుంది. లిఖితపూర్వక నమూనాలో ఇమడని ఆ హక్కు నమోదు కాకుండానే పోయే ప్రమాదం ఉంది.

నీటి లోతు, వరద వచ్చే దారి, చేప గుడ్లు పెట్టే చోటు, కిక్కిస పెరిగే తావు – వీటిని గురించిన జ్ఞానం కూడా ఇటువంటిదే. అది స్థానికుల పలుకుబడులలో, స్థలనామాలలో, వృత్తిపదాలలో నిక్షిప్తమై ఉంది. కొల్లేటి జీవితాన్ని చిత్రించిన అక్కినేని కుటుంబరావు ‘కొల్లేటి జాడలు’ నవల ఆ స్మృతికి సాహిత్యరూపం. ఈ మౌఖిక సమాచారాన్ని సేకరించి ఉపగ్రహ చిత్రాలతో సరిచూడడంలో తెలుగు శాఖల పరిశోధకులకు కూడా పాత్ర ఉంది.

6. చిలికా అనుభవం

పోలికకు ఒడిశాలోని చిలికా సరస్సును చూడవచ్చు. క్షీణత కారణంగా 1993లో రామ్‌సర్ ఒప్పందం వారి మాంట్రూ జాబితాలో చిలికా చేరింది. సరస్సు కోసం ప్రత్యేకంగా ఏర్పడిన చిలికా అభివృద్ధి సంస్థ, జలశాస్త్ర పరిశీలన అనంతరం 2000లో సముద్రంలోకి కొత్త ముఖద్వారాన్ని తెరిపించింది. 2002లో చిలికాను ఆ జాబితా నుండి తొలగించారు. కొత్త ముఖద్వారం తరువాత చేపల దిగుబడి పెరగడంతో మత్స్యకారులకు పునరుద్ధరణ ఫలితం ప్రత్యక్షంగా కనిపించింది. ప్రజల సమ్మతికి ఇటువంటి ప్రత్యక్ష ఫలితం బలమైన పునాది. అయితే చిలికాలోనూ రొయ్యల పెంపకం విషయంలో సంఘర్షణలు జరిగాయి. నీరు బాగుపడినంత మాత్రాన ఆ నీటిపై ఎవరికి హక్కు అన్న వివాదం దానంతట అదే తీరదని ఇది తెలుపుతుంది.

7. ప్రణాళికా క్రమం

పై పరిశీలన ఆధారంగా కొల్లేరుకు ఈ క్రమాన్ని ప్రతిపాదించవచ్చు.

మొదటిది, హక్కుల నమోదు. పట్టాలతో పాటు వాడుక హక్కులను కూడా గ్రామాలవారీగా నమోదుచేసి, ఆ జాబితాను గ్రామంలోనే చదివి వినిపించాలి.

రెండవది, ఉమ్మడి పటం. ఇంజనీర్ల కాంటూరు రేఖలనూ, స్థానికులు చూపే నీటిదారులనూ ఒకే పటంపై చేర్చాలి. ఏ గట్టు ముందు తొలగాలో ఆ పటం ముందుపెట్టుకొని నిర్ణయించాలి.

మూడవది, నష్టానికి ముందే ఏర్పాటు. గట్టు తొలగింపుకు ముందుగానే జిరాయితీ భూములకు పరిహారం, కూలీలకు పూడికతీత, గుర్రపుడెక్క తొలగింపు వంటి పనులు, మత్స్యకారులకు వేట హక్కు ఖరారు కావాలి.

నాల్గవది, ఉమ్మడి పర్యవేక్షణ. నీటిమట్టం, నీటి నాణ్యత, పక్షుల సంఖ్య, చేపల దిగుబడి వివరాలను గ్రామస్థులే నమోదుచేసి పంచాయతీలో ప్రదర్శించాలి. కొత్త గట్టు లేచిన రోజే అది అందరి దృష్టికీ వస్తుంది.

8. ముగింపు

2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడలో పెద్ద భాగాన్ని ముంచెత్తింది. ఆ నీరు చేరవలసిన చోటు కొల్లేరే. కాబట్టి సరస్సు క్షీణత లంక గ్రామాల సమస్య మాత్రమే కాదు, ఎగువన ఉన్న నగరాల సమస్య కూడా. అయినా పునరుద్ధరణ భారం మొదట పడేది లంక గ్రామాలలోని పేదలపైనే. భారం మోసేవారికి హద్దును గురించి చివర తెలియజేయడం భాగస్వామ్యం అనిపించుకోదు. హద్దు గీసే సమయంలోనే వారి మాట వినాలి. ఐదో కాంటూరును నిలబెట్టేది ప్రభుత్వ ఉత్తర్వు ఒక్కటే కాదు. ఆ రేఖకు లోపల నీరు నిలిస్తే తమ బతుకు కూడా నిలుస్తుందని నమ్మే గ్రామాలు ఉన్నప్పుడే అది నిలుస్తుంది.